బక్కన్న అనబోయిన మాట

మైకాయన బతుకులో చెప్పుకోదగ్గ గొప్పలు రెండే. ఒకటి, ఎంత గాలివానలోనైనా ఆయన కట్టిన మైకు హారన్ ఊడి కింద పడలేదు. రెండోది, బక్కన్న గొంతును ఇరవై వేల మందికి వినిపించింది ఆయనే. మొదటిది అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవాడు. రెండోది మాత్రం ఇరవై ఒక్కేళ్ళుగా ఎవరి దగ్గరా ఎత్తడం లేదు. ఎందుకు ఎత్తడం లేదో ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు, కట్టుకున్న భార్యకి కూడా.

బక్కన్న అంటే బక్కగా ఉండే అన్న. ఆ పేరులో అంతకు మించి ఏమీ లేదు. సర్కారు బట్టల మిల్లులో ఫిట్టరు. చొక్కా వేసుకుంటే కొక్కేనికి తగిలించినట్టు ఉండేది. ప్రభుత్వాన్ని గడగడలాడించిన మనిషని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నారు గానీ, ఆ గొంతు సంగతి మైకాయనని అడగాలి. వంటింట్లోంచి పిలిస్తే వాకిట్లోకి వినపడని గొంతు. మొదటిసారి మిల్లు గేటు ముందు స్టూలెక్కి మాట్లాడితే, మూడో వరసలో వాళ్ళు "ఏమంటున్నాడ్రా?" అని రెండో వరసని అడిగారు. రెండో వరస కూడా నీళ్ళు నమిలింది. ఆ పక్కవీధిలోనే ఏదో పెళ్ళికి కట్టిన మైకు విప్పి తీగలు చుట్టుకుంటున్న మైకాయనకి జాలేసింది. ఒక మైకు తెచ్చి ఆ మనిషి మూతి ముందు పెట్టాడు. విప్లవం అలా మొదలైంది. పుస్తకాల్లో ఇంకోలా ఉంటే ఉండనివ్వండి.

ఆ తర్వాత పదేళ్ళు ఇద్దరూ ఒకే లారీలో తిరిగారు. వెనక హారన్లు, కట్టుకర్రలు, తీగల చుట్టలు. ముందు డ్రైవరు పక్కన బక్కన్న. కిటికీ దగ్గర ఒళ్ళో యాంప్లిఫయర్ పెట్టుకుని మైకాయన. దాన్ని లారీ వెనక ఎక్కించమంటే ప్రాణం పోయినా ఒప్పుకునేవాడు కాదు. అందులో గాజు వాల్వులుండేవి. స్విచ్చి వేశాక అవి వేడెక్కడానికి ఒక నిమిషం పట్టేది. ఆ నిమిషంలో వాటి మీద పేరుకున్న దుమ్ము కాలి ఒక వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా దుమ్ము కాలిన వాసన తగిలితే మైకాయనకి ముప్ఫై ఏళ్ళ వయసు వచ్చేస్తుంది.

ఎంత మంచి రోజులవి! ఊరికి చేరగానే ఏదో ఒక కొట్టువాణ్ణి బతిమాలి కరెంటు తీసుకోవడం, దీపస్తంభం ఎక్కి హారన్ కట్టడం, కిందికి దిగి "హలో, హలో, ఒకటి, రెండు, మూడు" అనడం. ఆ మాత్రానికే పిల్లలంతా పోగయ్యేవాళ్ళు. ఒకే గ్లాసులో చెరిసగం టీ. తిరుగు ప్రయాణంలో బక్కన్న మైకాయన భుజం మీద తల వాల్చి నిద్రపోయేవాడు. నిద్రలో కూడా చేతులూపుతూ ఉపన్యాసం దంచేవాడు. ఒకసారి ఆ ఊపుకి మైకాయన కళ్ళజోడు ఎగిరి కిటికీలోంచి రోడ్డు మీద పడింది. వెనక్కి వెళ్ళి వెతికితే ఒక అద్దం దొరికింది. కొత్తది చేయించుకునేదాకా నెల్లాళ్ళు ఒంటికన్నుతోనే మైకులు కట్టాడు, పైగా అది త్యాగమని చెప్పుకున్నాడు.

బక్కన్న మాట్లాడే పద్ధతి ఒకటుంది. దాని గురించి చెప్పకపోతే ఈ కథే లేదు. ఆయన ముందు ఎదుటివాడి మాటని తన మాటలాగా చెప్పేవాడు. అదీ ఏదో పైపైన కాదు, నిజంగా నమ్మినవాడిలా, ఆవేశంతో. ఒకసారి మిల్లులో ఆడవాళ్ళకీ సమాన కూలి కావాలన్న సభ పెట్టారు. బక్కన్న లేచి, "ఆడవాళ్ళు మనతో సమానం ఎలా అవుతారు? వాళ్ళు బేళ్ళు ఎత్తగలరా? నిచ్చెన ఎక్కి మిషను పట్టా మార్చగలరా? పిల్లాడికి జ్వరమొస్తే పని మానేసి పోరా?" అని మొదలుపెట్టాడు. మగాళ్ళు తలలూపుతున్నారు. ఆడవాళ్ళ మొహాలు మాడిపోయాయి. అప్పుడు ఆగాడు. గుండెల నిండా ఒక ఊపిరి తీసుకున్నాడు. తీసుకుని, "కాదు" అన్నాడు. ఇక ఆ కాదు తర్వాత వచ్చిన మాటలకి తలలూపిన మగాళ్ళంతా ఆ తలలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేల చూపులు చూశారు.

ఆ 'కాదు'లో మైకాయనకీ వాటా ఉంది. మొదటి సగం నడుస్తున్నంతసేపూ వాల్యూమ్ ఐదు మీద ఉంచేవాడు. బక్కన్న ఊపిరి తీసుకోగానే చెయ్యి దానంతటదే ఎనిమిదికి తిప్పేసేది. మైదానం నాలుగు మూలలా ఆ ఒక్క మాట పిడుగులా పడేది. ఇలా చేద్దామని ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు, ఒకరికొకరు చెప్పుకోలేదు. పదేళ్ళలో బక్కన్న ఊపిరి మీంచి మైకాయన ఒక్కసారీ చూపు తిప్పలేదు.

తిప్పింది ఒకే ఒక్క సాయంత్రం.

మిల్లులో సమ్మె మొదలై అప్పటికి నలభై రోజులు. మైదానం అవతల బ్యారక్‌లలో సైనికులు దిగారు. ఈవల ఇరవై వేల మంది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మైకాయన భార్య గుమ్మం దాకా వచ్చి, "ఏమండీ, మా తమ్ముణ్ణి ఒక కంట కనిపెట్టండి. వాడు మాటకి ముందే దూకే రకం" అంది. ఆ తమ్ముడికి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మిల్లులో చేరి ఏడాది కాలేదు. బక్కన్న అంటే చెవి కోసుకునేవాడు.

ఆ రోజు బక్కన్న ఎత్తుకోవడమే వేరుగా ఎత్తుకున్నాడు. "ఇక చాలు. నలభై రోజులు అడిగాం. ఇప్పుడే, ఇక్కణ్ణించే లేచి ఆ బ్యారక్‌ల గేటు దగ్గరికి వెళ్దాం. వాళ్ళ చేతుల్లో తుపాకులుంటే మన చేతుల్లో సుత్తులున్నాయి" అన్నాడు. ఆ గొంతులో అంత కోపం మైకాయన ఎప్పుడూ వినలేదు. జనం హోరున లేచారు. ముందు వరసలో బావమరిది సుత్తి పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. మైకాయన వాణ్ణే చూస్తున్నాడు. ఈసారి బక్కన్న కాదనడు అనుకున్నాడు. ఇంకొక్క మాట జనం చెవిన పడితే వీడు నాకు దక్కడు అనుకున్నాడు. మైకు స్విచ్చి ఆపేశాడు.

నాలుగు హారన్లూ ఒక్కసారే మూగబోయాయి. ఆ తర్వాత ముందు వరసల్లోంచి ఎవరో "కరెంటు తీసేశారు!" అని అరిచారు. అంతే, జనం కట్టలు తెంచుకున్నారు. బక్కన్న వేదిక మీంచి నోరు తెరిచి ఏదో అంటున్నాడు. రెండు చేతులూ గట్టిగా ఊపుతున్నాడు. ఆగమని ఊపుతున్నాడో రమ్మని ఊపుతున్నాడో దూరం నుంచి చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? పదమంటున్నాడనుకున్నారు. మైకాయన గాభరాగా మళ్ళీ స్విచ్చి వేశాడు. అప్పటికే స్తంభం నుంచి వచ్చే తీగ జనం కాళ్ళ కింద పడి తెగిపోయింది.

గేటు దగ్గర కాల్పుల్లో పదకొండు మంది చనిపోయారు. బావమరిదికి ఎడమ కాలు మోకాలి కింద పోయింది.

బక్కన్నని ఆ సాయంత్రమే పట్టుకుపోయారు. కోర్టులో జడ్జి, "గేటు దగ్గరికి వెళ్దామని నువ్వన్నావా?" అని అడిగాడు. "అన్నాను" అన్నాడు. "ఆ తర్వాత ఇంకేమైనా చెప్పబోయావా?" అన్నాడు జడ్జి. "లేదు, చెప్పాల్సింది చెప్పేశాను" అన్నాడు బక్కన్న. అది పేపర్లో చదివి మైకాయన చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. పోనీలే, ఆయన కాదనేవాడు కాదు, నా తప్పేం లేదు అనుకున్నాడు. కానీ ఆ ఊపిన చేతులున్నాయే, అవి మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఇక లోకం తన దారిన తను పోయింది. బక్కన్నని నెత్తిన పెట్టుకున్నవాళ్ళే ఆయన పేరెత్తితే పక్కచూపులు చూడటం మొదలుపెట్టారు. ఆయన పార్టీ మూడు ముక్కలైంది. ఒక ముక్క ఆయన్ని హంతకుడంది, ఒక ముక్క అమరుడంది, బతికుండగానే. మూడో ముక్క ఎన్నికల్లో గెలిచి మిల్లు అమ్మేసింది. సబ్‌స్టేషన్ నుంచి కరెంటు ఆపి దేశాన్ని కాపాడానని ఒక ఇంజనీరు పతకం కూడా పుచ్చుకున్నాడు. పాపం, ఆ పెద్దమనిషి ఆ రోజు సెలవులో ఉన్నాడు. మైకాయనకి ఇది తలుచుకుంటే నవ్వొచ్చేది, ఆ నవ్వు వెనకే ఏడుపొచ్చేది.

బావమరిది పెట్టుడుకాలు పెట్టుకుని మైకు షాపులోనే టంకం పనికి కుదిరాడు. రోజూ ఎదురుగా బల్ల మీద కూర్చుని, వచ్చినవాడికల్లా కాలు చూపించి కథ చెప్పేవాడు. "బక్కన్న పదమన్నాడు, వెళ్ళాను. ఒక కాలేగా, రెండోది ఉంచుకున్నాను ఇంకోసారికి" అని నవ్వేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా మైకాయన ఏదో తీగ వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగేవాడు. "మా బావకి నా కాలంటే సిగ్గు" అని వాడు ఏడిపించేవాడు.

మొన్న చలికాలంలో బక్కన్నని జైల్లోంచి విడిచిపెట్టారు. దండ లేదు, ఊరేగింపు లేదు. మామూలు బస్సులో దిగి, సంచి భుజాన వేసుకుని, టైలరు షాపు వెనక రెండు గదుల్లో ఉంటున్న అక్క ఇంటికి నడిచి వెళ్ళాడు. అక్క ఆయన కొలతలు చూసి, "ఇంకా బక్కగా అవడానికి ఒంట్లో చోటెక్కడ దొరికిందిరా నీకు" అని ఏడ్చిందట. మైకాయన ఆ వీధి ముందు నుంచి నాలుగుసార్లు సైకిల్ మీద వెళ్ళాడు. నాలుగుసార్లూ దిగలేదు.

ఇంతలో మిల్లు కార్మికుల పాత హాలు కూడా అమ్ముడుపోయింది. కొత్తవాళ్ళకి ఒకటో తారీఖున తాళాలివ్వాలి. ఈలోపు పాతవాళ్ళంతా ఒక మధ్యాహ్నం అక్కడ కూర్చుందాం, బక్కన్న చేత నాలుగు మాటలు చెప్పిద్దాం అని బావమరిదికి ఆలోచన పుట్టింది. పుట్టడం ఏమిటి, వాణ్ణి నిలవనివ్వలేదు.

"బావా, హారన్లు నాలుగూ కట్టాలి."

"నలభై మందికి నాలుగు హారన్లా? చెవులు పోతాయి."

"పోనీ. చూడటానికి ఆ రోజుల్లాగా ఉండాలి."

"ఆ హాల్లో కరెంటు తీసేశారేమో."

"కనుక్కున్నాను, ఉంది."

"యాంప్లిఫయర్‌లో ఏదో పోయింది."

"ఏదో ఏంటి బావా? పొద్దున నేనేగా బాగుచేసి పెట్టాను" అని బావమరిది నోరెళ్ళబెట్టాడు.

ఇంట్లో భార్య అన్నం వడ్డిస్తూ, "ఆయన కోసం పదేళ్ళు ఇల్లు పట్టకుండా తిరిగారు. ఇప్పుడు ఒక్క పూట వెళ్ళమంటే కాళ్ళీడుస్తున్నారేంటి?" అంది. మైకాయన పళ్ళెంలోకి చూస్తూ, "వెళ్తాలే" అన్నాడు. అప్పుడే నిశ్చయించుకున్నాడు. అడగాలి. ఆ రోజు కాదనేవాడివా అని అడగాలి. అడగాలంటే ముందు తను చేసింది చెప్పాలి. చెప్తే ఏమవుతుందో తెలియదు, చెప్పకుండా చచ్చిపోవడం మాత్రం ఇక తన వల్ల కాదు.

హాలు మూడో అంతస్తులో ఉంది. కిటికీల్లో సగం అద్దాలు లేవు. గోడల మీద పటాలు తీసేసిన చోట మేకులు మిగిలాయి. మైకాయన రెండు హారన్లు లోపల కట్టి, రెండు కిటికీల బయట వీధివైపు తిప్పి కట్టాడు. బావమరిది కుర్చీల కోసం కిందికి దిగాడు. సభకి ఇంకా గంట టైముంది. అప్పుడొచ్చాడు బక్కన్న, ఒక్కడే, మెట్టుమెట్టుకీ ఆగుతూ.

"ఏమోయ్ మైకూ" అన్నాడు. ఆ గొంతు మరీ సన్నబడిపోయింది. "నా గొంతు ఇంట్లో పెట్టి మర్చిపోయావా, తెచ్చావా?"

మైకాయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. వేదిక మెట్టు మీద బక్కన్న కూర్చున్నాక, ఎదురుగా నిలబడి, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియక చివర నుంచి మొదలుపెట్టాడు.

"బక్కన్నా, ఆ రోజు కరెంటు పోలేదు."

"మరి?"

"నేనే మైకు ఆపేశాను."

కింద వీధిలో ఎవరో ఇనుప షట్టరు పైకెత్తుతున్నారు.

"ఎందుకు?"

"మా బావమరిది ముందు వరసలో ఉన్నాడు. సుత్తి ఎత్తాడు. నువ్వు ఈసారి కాదనవనుకున్నాను. వాడు పోతాడని భయమేసింది."

"పదేళ్ళు నా పక్కన కూర్చున్నావు" అన్నాడు బక్కన్న. "పదేళ్ళు! ఒక్కసారైనా నేను సగంలో ఆగానా? నా మాట పూర్తయ్యేదాకా ఆగలేకపోయావా?"

మైకాయన అడిగాడు. "కాదనేవాడివా?"

"అనేవాణ్ణే."

ఆ ఒక్క మాటతో మైకాయన పక్కనున్న హారన్ పెట్టె మీద కూలబడ్డాడు.

"ఆ పొద్దున్నే మిల్లు యాజమాన్యంతో మాట్లాడి వచ్చాను" అన్నాడు బక్కన్న. "మనం అడిగినవాటిలో సగానికి ఒప్పుకున్నారు. సమ్మె ఆపుదామని చెప్పడానికే ఆ వేదిక ఎక్కాను. నలభై రోజులు పస్తులున్నవాళ్ళకి ఇంటికి పొమ్మని మొదటే చెప్తే వింటారా? వాళ్ళ కోపమంతా ముందు నా నోటితో చెప్పాను. ఇంక కాదు అనడమే మిగిలింది."

"మరి కోర్టులో అలా ఎందుకన్నావు?"

"కోర్టులో ముందు బెంచీల మీద ఎవరు కూర్చున్నారనుకున్నావు? పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు. వాళ్ళ మొహాలు చూస్తూ ఏమనమంటావు? మీవాళ్ళు సగం మాట విని చచ్చిపోయారు, మిగతా సగం వింటే ఇంటికొచ్చి అన్నం తినేవాళ్ళు అనమంటావా?"

మైకాయన ఏడ్చాడు. అరవై దాటిన మనిషి చొక్కా అంచు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తను బావమరిదిని కాపాడుకుందామని ఆపిన మాటే వాణ్ణి కాపాడేదని, ఆ పదకొండు మందినీ, ఎదురుగా కూర్చున్న ఈ మనిషి ఇరవై ఒక్కేళ్ళనీ కూడా కాపాడేదని ఇప్పుడు అనుమానం లేకుండా తెలిసిపోయింది. బక్కన్న ఆయన్ని ఓదార్చలేదు.

మెట్ల మీద పెట్టుడుకాలి చప్పుడు, కుర్చీలు గోడకి తగులుతున్న చప్పుడు వినిపించాయి.

"మొహం తుడుచుకో" అన్నాడు బక్కన్న. "నిన్ను క్షమించాననుకోకు. దానికి నాకు టైము పడుతుంది. ఎంత పడుతుందో నాకే తెలీదు. వాడికి మాత్రం చెప్పకు."

నలభై మంది వస్తారనుకుంటే యాభై దాటారు. తలలు నెరిసినవాళ్ళు, చేతికర్రతో వచ్చినవాళ్ళు, పోయినవాళ్ళ భార్యలు నలుగురైదుగురు. కూర్చుంటూనే ఒకళ్ళ నడుం నొప్పులు ఒకళ్ళు కనుక్కున్నారు. బక్కన్న మైకు ముందు కుర్చీలో కూర్చునే మాట్లాడాడు. మగ్గాల హోరులో పెదాల కదలిక చూసి మాటలు పోల్చుకునే రోజుల గురించి చెప్పాడు. దూది నుసి వల్ల అందరం పొద్దున నల్లజుట్టుతో వెళ్ళి సాయంత్రం తెల్లజుట్టుతో వచ్చేవాళ్ళమని, ఇప్పుడు మిల్లు లేకపోయినా ఆ నుసి మాత్రం పోలేదని అన్నాడు. అందరూ తలలు తడుముకుని నవ్వారు. మైకాయన వాల్యూమ్ తొమ్మిది దాకా తిప్పాడు. ఆ పీలగొంతు బయటి హారన్లలోంచి వీధిలోకి పోతుంటే దారిన పోయేవాళ్ళు తలెత్తి చూస్తున్నారు. ఇన్నాళ్ళకి మళ్ళీ తన చేతి కింద ఆ గొంతు పెద్దదవుతోంది. ఇంత బాధలోనూ ఆయనకి అది సంతోషంగానే ఉంది.

అంతా అయిపోయింది, ఇక లేవబోతున్నారు. బావమరిది కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"బక్కన్నా, ఒక్కటి అడగాలి. ఆ రోజు కరెంటు పోయాక నువ్వు ఏదో అన్నావు. మాకు వినపడలేదు. ఏమన్నావు?"

పోయినవాళ్ళ భార్యల్లో ఒకామె పక్కనున్నామె చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఎవరికి వాళ్ళు లోపల్లోపల అడుక్కుంటున్న ప్రశ్నే అది.

బక్కన్న ఆగాడు. గుండెల నిండా ఒక ఊపిరి తీసుకున్నాడు, అచ్చం ఆ రోజుల్లోలాగా. ఈసారి మైకాయన చూపు ఆయన మీదే ఉంది. ఆ ఊపిరి తర్వాత పదేళ్ళలో ఎప్పుడూ ఒకటే మాట వచ్చింది.

"పదండి అన్నాను" అన్నాడు బక్కన్న. "నేను అనేలోపే మీరు వెళ్ళిపోయారు. నాకంటే మీరే ముందున్నారు."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. ఒకామె ఏడుస్తూనే చప్పట్లు కొట్టింది. పదకొండు చావులూ మళ్ళీ ఒకసారి తన మెడకి చుట్టుకుని బక్కన్న మెల్లగా కుర్చీలోంచి లేచాడు. అక్క పంపిన మనిషి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. మైకాయన వంక తిరిగి చూడలేదు.

జనం వెళ్ళిపోయాక మైకాయన తీగలు చుట్టడం మొదలుపెట్టాడు. బావమరిది వేదిక మెట్టు మీద కూర్చుని పెట్టుడుకాలు విప్పి, మోకాలి కింద రుద్దుకుంటున్నాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"బావా, ఇన్నేళ్ళూ నేనెంత భయపడ్డానో తెలుసా?"

"దేనికి?"

"కాదన్నానని చెప్తాడేమోనని."

మైకాయన చేతిలో తీగ ఆగిపోయింది.

"ముందు వరసలో ఉన్నాను కదా" అన్నాడు బావమరిది. "ఆయన ఊపిరి తీసుకోవడం చూశాను. ఇంక కాదంటాడని నాకు తెలుసు. ఆయన పద్ధతి తెలియనిదెవరికి? నాకేమో వెళ్ళాలని ఉంది, ఒళ్ళు కాలిపోతోంది. కాదంటే ఆగాలి. సరిగ్గా అప్పుడే మైకు ఆగింది. వినకముందే పోవాలని కరెంటు తీసేశారని అరిచి పరిగెత్తాను బావా. అరిచింది నేనే. నన్ను చూసి నా వెనకవాళ్ళు లేచారు. ఆ పదకొండు మందీ నా వెనకవాళ్ళే."

వాడు పెట్టుడుకాలు ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీలు సరిచేశాడు. షాపులో రోజూ కాలు చూపించి నవ్విన ఆ నవ్వంతా దేని మీద కప్పిన గుడ్డో మైకాయనకి ఇప్పుడు అర్థమైంది.

"అక్కకి కూడా చెప్పలేదు" అన్నాడు వాడు. "ఇప్పుడింక పరవాలేదులే. ఆయన పదండనే అన్నాడంట. కదా బావా?"

మైకాయన తీగ చుట్ట కింద పెట్టి వాడి పక్కన వచ్చి కూర్చున్నాడు. చెప్పాలనుకున్నది గొంతు దాకా వచ్చింది. వాడు తలెత్తి, జవాబు కోసం తన మొహంలోకే చూస్తున్నాడు.

"అవున్రా" అన్నాడు మైకాయన. "నేను పక్కనే ఉన్నాను కదా. పదండనే అన్నాడు. నేను విన్నాను."